తప్పులన్నీ బొమ్మ దగ్గరే చేయండి

పోయిన నెలలో ఒక రాత్రి రెండున్నరకు దిండు పక్కన ఫోన్ వణికింది. వాట్సాప్‌లో ఒకే ఒక్క లైన్: “మేడమ్, ఏడ్చాడు!”

వెనకాముందూ ఏమీ లేదు. బయటివాళ్లు చూస్తే ఏదో బ్రేకప్ కథ అనుకుంటారు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. పంపింది నిరుడు మా దగ్గర బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయి. ఇప్పుడొక ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో నైట్ డ్యూటీలు చేస్తోంది. పుట్టగానే ఏడవని బిడ్డ ఒకడు ఆ రాత్రి ఆమె చేతుల్లోకి వచ్చాడు. ఆమె చేయాల్సింది చేసింది. వాడు ఏడ్చాడు.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతో కొంత, పాత జ్ఞాపకంతో కొంత. పద్నాలుగేళ్ల కిందట సరిగ్గా ఇలాంటి రాత్రే నా చేతులు కదల్లేదు మరి.

చేతికి చెప్పలేదా?

అప్పుడు నేను జీఎన్ఎం మూడో సంవత్సరం. ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టింగ్. లేబర్ రూమ్‌లో నాతోపాటు ఒక సీనియర్ సిస్టర్, ఒక ఆయా. డ్యూటీ డాక్టర్ పక్క థియేటర్‌లో సిజేరియన్‌లో ఉన్నారు. ఇక్కడేమో నార్మల్ డెలివరీ. బిడ్డ బయటికొచ్చాడు. మెత్తగా, నీలంగా, చప్పుడు లేకుండా.

నా చేతిలో టవల్ ఉంది. బిడ్డను పొడిగా తుడవాలి, వీపు మీద రుద్దాలి, అవసరమైతే నోరు, ముక్కు శుభ్రం చేయాలి, అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే బ్యాగ్, మాస్క్‌తో గాలి అందించాలి. ఇంటర్నల్స్‌లో పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్న ప్రశ్న ఇది. అయినా టవల్ పట్టుకుని అలా నిలబడిపోయాను. పది సెకన్లో, ముప్పై సెకన్లో ఇప్పటికీ చెప్పలేను. ఆ తల్లి తల కొంచెం పైకెత్తి “ఏంటి సిస్టర్, ఏడవట్లేదు?” అని అడిగింది. ఆ గొంతు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

సిస్టర్ నన్ను భుజంతో పక్కకు నెట్టేసింది. తుడిచింది, రుద్దింది, తల సరిచేసింది, మాస్క్ పెట్టి అంబు బ్యాగ్ నొక్కింది. కాసేపటికి సన్నగా పిల్లికూనలా ఒక మూలుగు, ఆ వెంటనే ఏడుపు. బయట వరండాలో వాళ్ల అమ్మమ్మ “మా తల్లే, మా తల్లే” అంటూ దండాలు పెడుతోంది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను.

తెల్లవారుజామున టీ తాగుతూ ఆ సిస్టర్ ఒకటే మాట అంది. “పుస్తకం చదివావు, సరేనమ్మా. చేతికి చెప్పలేదా?”

తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

తాళం వేసిన గది

నిజం చెప్పాలంటే నా చేతికి చెప్పే అవకాశమే రాలేదు. ఆ రాత్రికి ముందు అంబు బ్యాగ్‌ను నేను పట్టుకుని నొక్కింది ఒకే ఒక్కసారి. అదీ ఇరవై మంది బ్యాచ్‌లో పదిహేడో దాన్నిగా, అర నిమిషం.

అలాగని మా కాలేజీలో స్కిల్ ల్యాబ్ లేదా? ఉంది. బొమ్మలూ ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్ కూడా తీయని బొమ్మలు. తాళంచెవి ప్రిన్సిపాల్ రూమ్‌లో ఉండేది. ఇన్‌స్పెక్షన్ రోజు తాళం తీసేవాళ్లు. ఫినాయిల్ వేసి తుడిపించి, ఇస్త్రీ యూనిఫాంలో మమ్మల్ని బొమ్మ చుట్టూ నిలబెట్టి ఫొటో తీసేవాళ్లు. “ముట్టుకోకండి, పాడైతే లక్షలు!” అని హెచ్చరిక. మర్నాడు మళ్లీ తాళం. మా ప్రొసీజర్ బుక్స్‌లో మాత్రం అన్నీ చేసినట్టే సంతకాలు పడేవి.

ఈ కథ చదువుతూ “మా కాలేజీ గురించే రాసినట్టుంది” అని నవ్వుకుంటున్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారని నాకు తెలుసు.

బొమ్మ పాడవకూడదని జాగ్రత్తపడ్డారు, బాగానే ఉంది. మరి మేం నేర్చుకుంది ఎవరి మీద? జనరల్ వార్డులో మంచం మీద పడుకుని, “ఇదే మొదటిసారా అమ్మా?” అని అడిగే ధైర్యం లేని మనుషుల మీద. నేను మొదటిసారి ఐవీ క్యాన్యులా పెట్టింది ఒక ముసలాయనకు. మూడుసార్లు పొడిచాను. నా మొహం చూసి ఆయనే “పర్లేదు బిడ్డా, మెల్లగా చెయ్యి” అన్నాడు. ఆయన మంచితనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో పేషెంట్ మీద స్టూడెంట్‌కు మూడో ప్రయత్నం ఎవరూ ఇవ్వరు కదా.

ఈ బొమ్మల కథ ఇప్పటిది కాదు

నర్సులకు బొమ్మలతో నేర్పడం ఏదో కొత్త టెక్నాలజీ అనుకుంటారు చాలామంది. 18వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో ఆంజెలిక్ డు కుద్రే అనే మంత్రసాని గుడ్డ, తోలు, దూదితో తల్లి నడుము భాగాన్నీ బిడ్డనూ బొమ్మగా తయారుచేసింది. 1759లో రాజు 15వ లూయీ ఆమెకు అధికార పత్రం ఇచ్చి ఊరూరా పాఠాలు చెప్పమన్నాడు. చదవడం రాని పల్లెటూరి ఆడవాళ్లు వేల మంది ఆ బొమ్మ మీద కాన్పు చేయడం నేర్చుకున్నారు.

1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్ పిల్లల బొమ్మలు చేసే మార్తా చేజ్‌ను నిలువెత్తు బొమ్మ ఒకటి చేసిపెట్టమని అడిగింది. ఆ బొమ్మకు ‘మిసెస్ చేజ్’ అనే పేరు స్థిరపడింది. మంచం మీద రోగిని ఎలా తిప్పాలి, ఎలా లేపాలి, బట్టలు ఎలా మార్చాలి అన్నవన్నీ నర్సింగ్ విద్యార్థులు ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్లు.

ఇక సీపీఆర్ క్లాసుల్లో మీరు చూసే బొమ్మ ‘రెససీ అనీ’. 1960లో దాన్ని తయారుచేసింది నార్వేకు చెందిన అస్మండ్ లార్డాల్ అనే బొమ్మల వ్యాపారి. ఆయన సొంత కొడుకే చిన్నప్పుడు నీళ్లలో మునిగి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. చూశారుగా, ఈ బొమ్మల వెనక ఎప్పుడూ ఎవరో ఒకరి భయం ఉంటుంది.

బొమ్మ మీద నేర్చుకుంటే సరిపోతుందా?

ఇది మా వాళ్లలోనే పెద్ద డిబేట్. “బొమ్మ మీద వంద చేసినా పేషెంట్ మీద ఒక్కటి చేసినట్టు కాదు” అని మా సీనియర్ మేడమ్‌లు అంటుంటారు. తీసిపారేసే మాట కాదది.

అమెరికాలో నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ నిర్వహించే సంస్థ దీని మీద ఒక పెద్ద అధ్యయనమే చేసింది. విదేశాలకు వెళ్లాలనుకునే నర్సింగ్ పిల్లలకు ఎన్‌క్లెక్స్ గురించి నేను చెప్పక్కర్లేదు. 10 నర్సింగ్ కాలేజీల విద్యార్థులను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు ఎప్పటిలాగే ఆసుపత్రి పోస్టింగ్‌లు, సిమ్యులేషన్ 10 శాతానికి మించకుండా. రెండో గుంపుకు క్లినికల్ గంటల్లో 25 శాతం సిమ్యులేషన్. మూడో గుంపుకు ఏకంగా 50 శాతం. కోర్సు చివరిదాకా నిలిచిన 666 మందిని చదువు ముగిసేవరకు, ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు కూడా గమనించారు. 2014లో ఫలితాలు వచ్చాయి. తెలివిలో, పనిలో, లైసెన్సు పరీక్ష పాసవడంలో మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే సగం పోస్టింగ్‌లు తీసేసి బొమ్మలు పెట్టేయొచ్చన్నమాట! అని మేనేజ్‌మెంట్లు సంబరపడకండి. ఆ కాలేజీల్లో టీచర్లకు ముందు ప్రత్యేకంగా ట్రైనింగ్ ఇచ్చారు. ప్రతి సిమ్యులేషన్ తర్వాత కూర్చోబెట్టి పద్ధతి ప్రకారం మాట్లాడించారు. బొమ్మకు తాళం వేసిన కాలేజీకి ఆ 50 శాతం లెక్క వర్తించదు.

మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా 2021లో మార్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో సిమ్యులేషన్‌కు చోటిచ్చింది. టీచర్లకు నేర్పేందుకు గురుగ్రామ్‌లో జాతీయ స్థాయి సిమ్యులేషన్ కేంద్రం కూడా ఉంది. కాగితం మీద దారి వేసేశారు. నడవాల్సింది మేమే.

టాంజానియా నేర్పిన పాఠం

నాకు అన్నింటికంటే నచ్చిన పరిశోధన మాత్రం అమెరికాది కాదు. టాంజానియాది.

పుట్టిన ప్రతి 100 మంది బిడ్డల్లో ఇంచుమించు 10 మందికి మొదటి ఊపిరికి ఎంతో కొంత సాయం కావాలి. ఎక్కువమందికి పొడిగా తుడిచి, వీపు రుద్దితే చాలు. కొందరికి బ్యాగ్, మాస్క్ కావాలి. ఇదంతా మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. అందుకే దాన్ని ‘గోల్డెన్ మినిట్’ అంటారు. పెద్ద మెషీన్లు లేని చోట కూడా ఈ పని నేర్పడానికి 2010లో ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ అనే కార్యక్రమం వచ్చింది. దాంట్లో వాడే బొమ్మలో గోరువెచ్చని నీళ్లు నింపుతారు. చేతిలోకి తీసుకుంటే అచ్చం పసిబిడ్డ బరువే, తల అలాగే వాలిపోతుంది. టీచర్ చేతిలో చిన్న బల్బులుంటాయి. నొక్కితేనే బొమ్మ ఏడుస్తుంది, ఊపిరి తీస్తుంది, బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది.

టాంజానియాలో 8 ఆసుపత్రుల్లో దీన్ని అమలు చేస్తే, పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే బిడ్డల సంఖ్య 47 శాతం తగ్గిందని 2013లో ప్రచురించారు. మనకు పక్కనే ఉన్న కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలోనూ కాన్పులు చేసేవాళ్లకు ఇదే నేర్పారు. అక్కడ చనిపోయి పుట్టినట్టు లెక్కకెక్కే బిడ్డలు 3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గారు. ‘చనిపోయి పుట్టాడు’ అని పక్కన పెట్టేసే బిడ్డల్లో కొందరు నిజానికి ఊపిరి మొదలుకాక ఆగిపోయినవాళ్లే. ఆ మాట తలుచుకుంటేనే కడుపులో దేవినట్టవుతుంది. అయితే పుట్టాక మొదటి నెలలో జరిగే మరణాల్లో మాత్రం బెళగావిలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఒక్క ట్రైనింగ్‌తో అన్నీ మారిపోవు.

అసలు మలుపు ఇంకోటి ఉంది. టాంజానియాలోనే హేడోమ్ అనే ఊళ్లోని ఆసుపత్రిలో అందరికీ ఒకరోజు ట్రైనింగ్ ఇచ్చారు. ఏడు నెలల తర్వాత చూస్తే, బొమ్మ మీద అందరూ బ్రహ్మాండంగా చేస్తున్నారు. లేబర్ రూమ్‌లో నిజం బిడ్డ దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు! మా సీనియర్ మేడమ్‌ల మాట నిజమైందన్నమాట.

వాళ్లు అక్కడితో వదిలేయలేదు. ఒకరోజు వర్క్‌షాప్, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో పద్ధతి పక్కన పెట్టి, లేబర్ రూమ్ దగ్గరే బొమ్మను ఉంచారు. డ్యూటీలో ఉన్నవాళ్లతో కొద్ది నిమిషాల చొప్పున తరచుగా చేయించారు. ఏడాది గడిచేసరికి 24 గంటల్లోపు మరణాలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గాయి. అదే ఆసుపత్రి, అదే బొమ్మ. మారింది ఎంత తరచుగా పట్టుకున్నారన్నదే.

వంట నేర్చుకున్నట్టే. యూట్యూబ్‌లో ఒకరోజు చూసి వండితే వచ్చేది ఒకటి, రోజూ పొయ్యి దగ్గర నిలబడితే వచ్చేది ఒకటి.

“మీరు తిడతారని నొక్కుతూనే ఉన్నా మేడమ్”

ఇది చదివాక నేను పాఠం చెప్పే కాలేజీలో ఒక పని మొదలుపెట్టాను. స్కిల్ ల్యాబ్ తాళంచెవి నా బ్యాగులోకి వచ్చింది. పసిబిడ్డ బొమ్మ ల్యాబ్‌లోంచి బయటికొచ్చి మా డిపార్ట్‌మెంట్ టేబుల్ మీదకు చేరింది. పోస్టింగ్‌కు వెళ్లే ముందు పది నిమిషాలు. ఇద్దరిద్దరు. ఒకరు బిడ్డను చూడాలి, ఒకరు తల్లికి ధైర్యం చెబుతూ డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

ఫోన్ చేయడం కూడా నేర్పాలా అని అడుగుతారేమో. తప్పకుండా! అర్ధరాత్రి డాక్టర్‌ను లేపాలంటే మా పిల్లలకు వణుకు. “సార్... అదీ... బేబీ... కొంచెం...” అంటూ నసుగుతారు. అవతల సార్ విసుక్కుంటారు. అందుకే నాలుగు మాటలు బట్టీ పట్టిస్తాం: ఇప్పుడు ఏం జరుగుతోంది, కేసు వివరం ఏంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. “సార్, ఇప్పుడే పుట్టిన బేబీ ఊపిరి తీసుకోవట్లేదు, నెలలు నిండిన కాన్పు, బ్యాగ్‌తో గాలి ఇస్తున్నాం, మీరు వెంటనే రావాలి.” పది సెకన్లు కూడా పట్టదు.

ఒకరోజు ఒక అమ్మాయి బొమ్మకు బ్యాగ్ నొక్కుతోంది. మాస్క్ పక్కనుంచి గాలి పోతోంది, చాతీ లేవట్లేదు. ఆమె ఆపకుండా ఇంకా గబగబా నొక్కుతోంది. నిమిషానికి 40 సార్లు ఉండాల్సింది లెక్కే లేకుండా పోయింది. నేను ఏమీ అనలేదు, బల్బు నొక్కలేదు. బొమ్మ ఏడవలేదు. టైమ్ అయిపోయింది.

తర్వాత కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. దీన్నే డీబ్రీఫింగ్ అంటారు. బొమ్మ మీద చేసిన దానికంటే అసలు చదువు ఇక్కడే జరుగుతుంది. “చాతీ లేవట్లేదని నీకు కనిపించిందా?” అని అడిగాను.

“కనిపించింది మేడమ్.”

“మరి ఆపి, తల, మాస్క్ సరిచేయొచ్చు కదా?”

కాసేపు తల వంచుకుని కూర్చుంది. “ఆపితే రానట్టు కనిపిస్తుంది మేడమ్. మీరు తిడతారని నొక్కుతూనే ఉన్నా.”

గది నిశ్శబ్దమైపోయింది. ఆ మాట ఆమెకు పాఠం అవునో కాదో గానీ నాకు పెద్ద పాఠం. తప్పు జరుగుతోందని ఆ పిల్లకు తెలుసు. నా మీద భయం ఆమె చేతిని ఆపనివ్వలేదు. అదే బొమ్మ స్థానంలో బిడ్డ ఉంటే? వైవాలో అందరి ముందు పరువు తీసే పద్ధతిలోనే నేనూ పెరిగాను, అదే పిల్లలకూ పంచుతున్నానని ఆ రోజు తెలిసింది.

అప్పటినుంచి మా టేబుల్ మీద ఒకటే రూల్. బొమ్మ దగ్గర తప్పు చేసినవాళ్లను తిట్టకూడదు. తప్పు చేశానని ముందుగా తనే చెప్పినవాళ్లకు మాత్రం నా తరఫున ఒక సమోసా! క్యాంటీన్ బిల్లు బాగానే పెరిగింది.

అన్నీ బొమ్మ మీదే తోసేయొద్దు

ఇక్కడో విషయం ఒప్పుకోవాలి. ఎంత బాగా నేర్పినా, రాత్రి డ్యూటీలో ఒక్క నర్సుకు వార్డంతా అప్పగిస్తే ఆమెకున్నవి రెండు చేతులే. లిండా ఐకెన్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించింది. ఒక్కో నర్సు మీద అదనంగా ఒక్క పేషెంట్ పెరిగితే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని 2002లో తేల్చింది. తర్వాత యూరప్‌లో 9 దేశాల్లో చూసినా దాదాపు అదే లెక్క. బాగా చదువుకున్న నర్సులు ఎక్కువున్న ఆసుపత్రుల్లో మరణాలు తక్కువని కూడా ఆ 2014 అధ్యయనం చెప్పింది.

కాబట్టి “నర్సులకు సరిగా పని రాదు” అని తిట్టే ముందు ఆ రాత్రి ఆ వార్డులో ఎంతమంది నర్సులున్నారో కూడా అడగండి. నేర్పడం కాలేజీ పని, సరిపడా మందిని పెట్టడం ఆసుపత్రి పని. ఒకటి చేసి రెండోది వదిలేస్తే లాభం లేదు.

మీరేం చేయొచ్చు?

మీరో, మీ చెల్లెలో నర్సింగ్‌లో చేరబోతుంటే కాలేజీకి వెళ్లినప్పుడు బిల్డింగ్, బస్సు చూసి రాకండి. స్కిల్ ల్యాబ్ చూపించమనండి. బొమ్మల చేతులు, మాస్కులు వాడి వాడి అరిగిపోయి ఉంటే సంతోషించండి. కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి. సీనియర్లను “వారానికి ఎన్నిసార్లు చేయిస్తారు?” అని పక్కకు పిలిచి అడగండి.

ఇప్పటికే చదువుతున్నవాళ్లు తాళంచెవి కోసం నలుగురు కలిసి వెళ్లి అడగండి. ఒక్కరే వెళ్తే గొడవ, నలుగురు వెళ్తే రిక్వెస్ట్! బ్యాగ్, మాస్క్ దొరికితే చాలు, పదే పదే పట్టుకోండి. చాతీ లేస్తోందా లేదా చూడటం అలవాటు చేసుకోండి.

నర్సింగ్‌తో సంబంధం లేనివాళ్లు కూడా సీపీఆర్ క్లాస్ ఎక్కడ పెట్టినా ఒకసారి వెళ్లండి. రీల్ చూస్తే రాదది.

ఇంతకీ ఆ రాత్రి మెసేజ్ పంపిన అమ్మాయి ఎవరో చెప్పలేదు కదూ. సమోసా రూల్ పుట్టడానికి కారణమైన పిల్లే. డ్యూటీ దిగి బస్టాండ్ నుంచి పొద్దున ఫోన్ చేసింది. వెనక కండక్టర్ అరుపులు, ఆమె గొంతు సగం సగం వినిపిస్తోంది.

“మొదట చాతీ లేవలేదు మేడమ్. ఆపాను. తల సరిచేసి, మాస్క్ మళ్లీ పెట్టాను. అప్పుడు లేచింది.”

“భయమేయలేదా?”

“వేసింది మేడమ్. కానీ ఆపడానికి భయపడలేదు.”